వియ్యంకుల బోల్టులు

అద్దాలాయనకీ డిపో ఆయనకీ మధ్య అప్పటిదాకా ఒక్క మాట తేడా రాలేదు. వచ్చిన చిక్కంతా అదే.

ఇద్దరూ వియ్యంకులు. అమ్మాయి తండ్రికి బజారు మలుపులో కళ్ళజోళ్ళ షాపు ఉంది కాబట్టి అబ్బాయి తరఫువాళ్ళు ఆయన్ని అద్దాలాయన అనేవారు. అబ్బాయి తండ్రి బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి ఈమధ్యే రిటైరయ్యాడు, కనుక అమ్మాయి తరఫువాళ్ళకి ఆయన డిపో ఆయన. పెళ్ళయి ఏడాది తిరగలేదు. ఎదురుపడితే చాలు, "మీరు కూచోండి బావగారూ" అని ఒకరంటే, "అబ్బెబ్బే, ముందు మీరు" అని ఇంకొకరు అనడం, చివరికి ఇద్దరూ నిలబడే కాఫీ తాగడం. గుమ్మం దగ్గర దారి ఇచ్చుకోవడం మొదలుపెడితే వెనకున్నవాళ్ళు చేతుల్లో సంచులు కింద పెట్టుకోవాల్సిందే.

అలాంటి రోజుల్లో అమ్మాయీ అబ్బాయీ కలిసి ఒక పాత పడవ కొన్నారు. మామూలు పడవ కాదు, కాటమరాన్. రెండు సన్నటి పడవల్ని పక్కపక్కన పెట్టి, వాటి మీద అడ్డంగా రెండు అల్యూమినియం దూలాలు వేసి బిగిస్తారు. మధ్యలో కూచోడానికి గట్టి వల, దాని మీద తెరచాప. ఆ సన్నటి పడవల్ని అమ్మాయి కాళ్ళు అనేది. చదువుకునే రోజుల్లోనే ఆమె పడవ నడపడం నేర్చుకుంది. అబ్బాయికి నీళ్ళంటే కొంచెం జంకు, భార్య అంటే బోలెడు ఇష్టం. అందుకని కొన్నాడు.

పడవ బాగానే ఉంది గానీ దూలాల్ని కాళ్ళకి పట్టి ఉంచే బోల్టులే పాడయ్యాయి. పాతవాళ్ళు ఎప్పుడు ఏది దొరికితే అది బిగించినట్టున్నారు, ఒక్కోటి ఒక్కో జాతి. కొన్ని తుప్పుపట్టి ఉబ్బిపోయాయి, కొన్ని సన్నబడిపోయాయి. అమ్మాయి వాటిని తిప్పలుపడి ఊడదీసి, ఒక గుడ్డసంచిలో పోసి, ఇద్దరు పెద్దవాళ్ళనీ పిలిచింది.

"నాన్నా, మావయ్యగారూ, వీటికి బదులు కొత్తవి కావాలి. మీరిద్దరూ కలిసి వెళ్ళి చూసి తెండి. ఇద్దరికీ జీవితమంతా మరమేకులతోనే గడిచింది కదా."

అది నిజమే. అద్దాలాయనవి గోటికి కూడా చిక్కనంత చిన్న మరమేకులు. డిపో ఆయనవి రెండు చేతులా పట్టి తిప్పాల్సినవి.

హార్డ్‌వేర్ షాపులో నేల నుంచి కప్పు దాకా చిన్న చిన్న సొరుగులు. ప్రతి సొరుగు మీదా లోపలున్న సరుకు తాలూకు మచ్చు ఒకటి బిగించి ఉంటుంది. షాపావిడ జడముడిలో పెన్సిలు గుచ్చుకుని, కళ్ళు మూసుకుని అడిగినా ఏ సొరుగులో ఏముందో చెప్పగలిగే మనిషి.

"మిల్లీమీటర్లా, అంగుళాలా?" అందావిడ సంచిలోకి తొంగి చూస్తూ.

మిల్లీమీటర్లు అని అద్దాలాయన నాలుక చివరి దాకా వచ్చింది. అంగుళాలు అని డిపో ఆయన గొంతు దాకా వచ్చింది.

"బావగారు ఎలా అంటే అలా," అన్నాడు అద్దాలాయన.

"అయ్యో, నాదేముందండీ. మీరెలా అంటే అలా."

"సరే, స్టెయిన్‌లెస్ స్టీలా, పూత వేసిన మామూలు ఉక్కా?"

"బావగారికి ఇనుము సంగతి బాగా తెలుసు."

"బావగారిది సూక్ష్మమైన చూపు."

ఆవిడ ఒక సొరుగు తీసింది, మూసింది. ఇంకోటి తీసింది, మూసింది. వెనక ఒకాయన తాళంకప్ప కోసం నిలబడి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటున్నాడు. "మీరిద్దరూ బయటికెళ్ళి తేల్చుకుని రండి బాబూ, ఈలోగా నేను ఈయనకి తాళం ఇస్తాను," అంది ఆవిడ. బయటికొచ్చాక తేల్చుకున్నది ఒక్కటే, రేపు చూద్దామని.

మర్నాడు అద్దాలాయన ఒక్కడూ వెళ్ళి మిల్లీమీటర్ల కొలతలో నిగనిగలాడే స్టెయిన్‌లెస్ బోల్టులు తెచ్చుకున్నాడు. వాటి నట్లకి లోపల నైలాన్ రింగు ఉంటుంది, అదురుకి వదులు కాకుండా. అదే రోజు డిపో ఆయన ఇంట్లో అటకెక్కి, తన సొంత డబ్బాలోంచి గ్రీజు పూసి దాచుకున్న ఉక్కు బోల్టులు దింపాడు. పాత బస్సులవి, అంగుళాల లెక్కవి, ఏనుగుని కట్టేసినా తెగనివి. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు. బావగారి మీద నమ్మకం లేక కొన్నాననుకుంటారేమోనని మొహమాటం.

సెలవు రోజున పడవల షెడ్డులో రెండు పొట్లాలూ ఒకేసారి విప్పారు. 

"ఆహా, మీవి చాలా బాగున్నాయి," అన్నాడు డిపో ఆయన.

"మీ వాటి ముందు ఇవెంత!" అన్నాడు అద్దాలాయన.

మొత్తానికి ఎడమ కాలికి డిపో ఆయనవి, కుడి కాలికి అద్దాలాయనవి అని ఒప్పందానికొచ్చారు. అంతటితో ఆగితే బాగుండేది. అద్దాలాయనకి అది చాలినంత మర్యాదగా తోచలేదు. "ముందు మూలనున్న నా బోల్టులకి మీ నట్లు వేస్తానండీ, దిట్టంగా ఉన్నాయి. సైజు ఒకటేనా?" అని అడిగాడు.

డిపో ఆయన రెండు నట్లనీ చేయి చాచి దూరంగా పట్టుకుని, తల వెనక్కి వాల్చి చూశాడు. వాటి మీద చెక్కిన గుర్తులు ఆయనకి చీమలు పాకినట్టు కనిపించాయి. "ఒకటేలా ఉన్నాయండీ," అన్నాడు.

ఆయనకి గుర్తులు ఆనలేదని అద్దాలాయనకి ఆ క్షణమే తెలిసిపోయింది. చేయి అంత దూరం చాచి చూసేవాళ్ళు రోజూ షాపుకొస్తారు. కానీ వియ్యంకుణ్ణి పట్టుకుని మీకు చూపు తగ్గిందని ఎలా అంటాడు? నోరు నొక్కుకుని నట్టు బిగించడం మొదలుపెట్టాడు. రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. గట్టి సరుకు కదా, అలాగే ఉంటుందనుకుని పానా పెట్టి పళ్ళబిగువున తిప్పాడు. మధ్యలో ఉన్నట్టుండి సులువైంది. లోపల మరలు కొరుక్కుపోవడం వల్ల అలా అయిందని ఆయనకి తెలియదు.

డిపో ఆయనకి తెలుసు. పానా అలా మూలగడం చెవిన పడితే డిపోలో ఆయన అరుపుకి షెడ్డు అదిరిపోయేది. ఇప్పుడు మాత్రం మెడ తిప్పుకుని, పక్కనున్న తెరచాప తాడుని అవసరం లేకుండా చుట్ట చుడుతూ ఉండిపోయాడు. పిల్లనిచ్చిన మనిషిని పనికొచ్చిన కుర్రాణ్ణి కసిరినట్టు కసరడం ఎలా?

ఆ సాయంత్రమే అమ్మాయి ఇద్దరినీ ఎక్కించుకుని పడవని నీళ్ళలోకి దింపింది. ఇద్దరికీ ఈత రాదు. నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడుక్కుని, వల మీద చెరో పక్కా బిగుసుకుని కూచున్నారు. అబ్బాయి ఒడ్డున తువ్వాళ్ళు, ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు. అది ఒడ్డు లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. పెద్ద అలలుండవు. తెరచాప గాలి పట్టుకోగానే పడవ జారుడుబల్ల మీద జారినట్టు ముందుకెళ్ళింది.

"అబ్బో!" అన్నాడు అద్దాలాయన, ఆనందం పట్టలేక.

డిపో ఆయన మాత్రం పడవ కుడికాలి ముందు మూల కేసే చూస్తున్నాడు.

ఇసుకమేట పక్కనుంచి తిరిగి వస్తుండగా టప్పుమని చప్పుడైంది. ఆ మూలనున్న బోల్టు పైకి లేచింది, కింద నట్టు ఎప్పుడో నీళ్ళపాలైంది. రెండో అలకి పక్క బోల్టు కూడా జారింది. దూలం చివర లేచిపోయి, కుడికాలు తనదారి తను చూసుకుంటున్నట్టు పక్కకి తిరగసాగింది.

అమ్మాయి తెరచాప తాడు వదిలేసింది. గాలి పోయి పడవ నెమ్మదించింది. "కంగారేం లేదు, ఇక్కడ నడుము లోతే! ఇద్దరూ దిగి ఆ కాలు పట్టుకోండి!" అని కేకేసింది.

ఈత రాని ఇద్దరూ మారుమాట లేకుండా దూకారు. అద్దాలాయన బయటివైపు నుంచి కాలిని వాటేసుకుని లోపలికి నెట్టాడు. డిపో ఆయన పడవ రెండు కాళ్ళ మధ్య నిలబడి, దూలం మీద బరువంతా వేసి కిందికి అదిమాడు. అలా పట్టుకుని ఒడ్డుకేసి నడక మొదలుపెట్టారు.

నాలుగడుగులు వేశాక డిపో ఆయన ఇక ఉగ్గబట్టలేకపోయాడు.

"నట్టు అలా మొరాయిస్తుంటే ఎలా తిప్పారండీ దాన్ని? చేతికి తెలియదూ?"

అద్దాలాయన ఆగిపోయాడు. "మీరు చూశారా?"

"చూడ్డమేంటి, విన్నాను. పానా ఏడుపు వీధి చివరికి వినబడింది."

"మరి చూస్తూ ఊరుకున్నారా? ఒక్క మాట అనొచ్చుగా!"

"ఎలా అంటాను? మీరసలే సున్నితం మనిషి!"

"నేను సున్నితమా? మీకు చూపు ఆనక, సైజు తెలియక, రెండూ ఒకటే అని నా చేతిలో పెట్టారు చూడండి, దానికేమంటారు?"

"నాకు చూపు ఆనకపోవడమేంటి?"

"మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజే కనిపెట్టాను. పుస్తకాన్ని పక్కింటాయన చదవడానికి పట్టుకున్నట్టు పట్టుకున్నారు!"

"అప్పట్నుంచీ తెలిసీ చెప్పలేదా? కళ్ళజోళ్ళ షాపు పెట్టుకుని ఎందుకండీ మీరు?"

ఒడ్డున అబ్బాయికి మాటలు తెలియడం లేదు గానీ గొంతులు వినిపిస్తున్నాయి. "అయ్యయ్యో, కొట్టుకునేలా ఉన్నారు! నాన్నా! మావయ్యా!" అంటూ ప్యాంటు మడిచి నీళ్ళలోకి రాబోయాడు.

"నువ్వు రాకు! అక్కడే ఉండు!" అని వల మీంచి అరిచింది అమ్మాయి. ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటోంది. "వాళ్ళని మాట్లాడుకోనీ!"

నీళ్ళు నడుము నుంచి తొడల దాకా దిగాయి, మాటలు మాత్రం ఇంకా పైకి లేచాయి. చివరికి డిపో ఆయన అసలు మాట బయటపెట్టాడు.

"అందరూ కలిసి దిగిన పెళ్ళి ఫోటోలో నేను లేను. మగపిల్లాడి తండ్రిని! ఒక్క నిమిషం ఆగలేకపోయారు."

అద్దాలాయనకి నిజంగానే కోపమొచ్చింది. "మీరెక్కడున్నారప్పుడు? చుట్టాలొచ్చిన బస్సు కిందకి దూరారు!"

"స్టార్టవలేదు. అందులో ఉన్నది మీ మేనత్తలే."

"వాళ్ళని దింపి ఇంకో బస్సెక్కిస్తే పోయేది. నేను ఆ ఫోటోగ్రాఫర్‌ని బతిమాలి బతిమాలి ఆపాను. వెలుగు పోతోంది, ఇక నా వల్ల కాదన్నాడు. చివరికి మీ కుర్చీ ఖాళీగా అక్కడే ఉంచి తీయించాను. నా పక్కన. చూడలేదా మీరు?"

డిపో ఆయన నడక ఆపాడు. ఆ ఫోటో ఆయన ఇంట్లో గోడ మీదే ఉంది.

"చూశాను. ఖాళీ కుర్చీ ఒకటుంది."

"అది ఎవరిదనుకున్నారు?"

"కుర్చీ ఎక్కువైందనుకున్నాను," అన్నాడు డిపో ఆయన.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరికి నవ్వొచ్చిందో అమ్మాయి కూడా చెప్పలేకపోయింది. చేతులు సడలగానే పడవకాలు మళ్ళీ పక్కకి తిరిగి, ఇద్దరినీ కలిపి నీళ్ళలో కూలేసింది. లేచి, ఉప్పునీళ్ళు ఉమ్ముకుంటూ, నవ్వుకుంటూ దాన్ని మళ్ళీ పట్టుకున్నారు. ఒడ్డుకి చేరాక అబ్బాయి ఇచ్చిన తువ్వాళ్ళలో ఒకటి డిపో ఆయన తన వియ్యంకుడి తల మీద వేశాడు. "తుడుచుకో బావా, జలుబు చేస్తుంది."

ఆ వారంలోనే డిపో ఆయన కళ్ళజోళ్ళ షాపుకెళ్ళాడు. గోడ మీద అక్షరాలు చదవమంటే పెద్ద వరసలు గడగడా చదివాడు. చేతికి చిన్న అక్షరాల అట్ట ఇస్తే నీళ్ళు నమిలాడు. అద్దాలాయన అద్దం మీద అద్దం మార్చి చూసి, అప్పటికప్పుడు ఒక జత తయారుచేసి ఆయన ముక్కు మీద నిలబెట్టాడు. డిపో ఆయన ముందు చూసుకున్నది తన చేతుల్నే. వేళ్ళ మీద మచ్చలూ, గాట్లూ, గోళ్ళ సందుల్లో పోని నలుపూ.

"ఇంత ముసలివైపోయాయా ఇవి?"

"ఇవాళ్టికి చేతులతో ఆపు. అద్దంలో మొహం రేపు చూసుకో. రెండూ ఒకేరోజు తట్టుకోలేవు," అన్నాడు అద్దాలాయన.

అక్కణ్ణుంచి ఇద్దరూ తిన్నగా హార్డ్‌వేర్ షాపుకి నడిచారు. వాళ్ళని చూడగానే షాపావిడ తాళాల కోసం ఎవరైనా వెనక నిలబడ్డారేమోనని చూసింది.

"మిల్లీమీటర్లు," అన్నాడు అద్దాలాయన.

"అంగుళాలు," అన్నాడు డిపో ఆయన.

"పడవకున్న రంధ్రాలు కొలిచాను బావా, మిల్లీమీటర్లే."

"మరి ముందే చెప్పొచ్చుగా. సరే, మిల్లీమీటర్లు. కానీ ఒకటే జాతి. బోల్టూ, నట్టూ, వాషరూ ఒకే చోట కొనాలి, నా డబ్బాలోంచి ఒక్కటి కూడా వద్దు."

"స్టెయిన్‌లెస్సేనా?"

"ఉప్పునీళ్ళకి అదే. నావి ఎంత గట్టివైనా వానాకాలం దాటేలోపు తుప్పు తినేస్తాయి. ఒక్క సంగతి, స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ పొడిగా తిప్పితే మధ్యలో పట్టేసి ఇటూ రాదు అటూ పోదు. మరలకి గ్రీజులాంటి పేస్టు రాసి నిదానంగా తిప్పాలి. నువ్వు కుస్తీ పట్టినట్టు కాదు."

"విన్నానులే. ఇంకోటి నేను చెప్తా విను. స్టీలు బోల్టు అల్యూమినియం దూలానికి నేరుగా తగలకూడదు. కళ్ళజోడు ఫ్రేము ఒక లోహం, స్క్రూ ఇంకో లోహం అయితే, చెమట పట్టి రెండూ కరుచుకుపోతాయి. విప్పలేక ఎన్ని ఫ్రేములు విరగ్గొట్టానో. మధ్యలో నైలాన్ వాషరూ, బోల్టు చుట్టూ నైలాన్ గొట్టమూ పెడదాం."

డిపో ఆయన కొత్త కళ్ళజోడు సవరించుకుని వియ్యంకుణ్ణి కొంచెంసేపు చూశాడు. "బస్సుల్లో ఇదెప్పుడూ తట్టలేదు," అన్నాడు.

పొడవు దగ్గర మళ్ళీ గొడవ. మొత్తం మరలున్న బోల్టు చాలని అద్దాలాయన, మరలు దూలం లోపల పడితే అంచుల్ని ఆకురాయిలా అరగదీస్తాయని డిపో ఆయన. దూలం మందం మేర మెడ నున్నగా ఉండి, చివర మాత్రమే మరలున్నవి కావాలని ఆయన పట్టు. నట్టు దాటి రెండు చుట్లు బయటికి కనిపించాలి, అంతకన్నా ఎక్కువుంటే తాడు చిక్కుకుంటుంది. షాపావిడ సొరుగులు లాగి లాగి అలసిపోయి, ఆఖరికి సొరుగుల్నే బల్ల మీద పెట్టేసింది. అద్దాలాయన జేబులోంచి భూతద్దం తీసి ఒక్కొక్క బోల్టు తిప్పి చూశాడు. మర చివర చిన్న లోహపు రజను ఉన్నదాన్ని పక్కన పెట్టాడు. డిపో ఆయన ప్రతి నట్టూ వేలితో ఎక్కించి చూశాడు, రింగు దాకా తేలిగ్గా తిరిగినవే తీసుకున్నాడు.

"ఇంత చూసుకుని పెళ్ళి సంబంధాలు కూడా కుదుర్చుకోరు," అంది షాపావిడ.

"కుదిరాకే చూసుకుంటున్నామమ్మా," అన్నాడు డిపో ఆయన.

షెడ్డులో బిగింపు మధ్యాహ్నమంతా సాగింది. కొరుక్కుపోయిన బోల్టుల వల్ల ఒక రంధ్రం అంచు దెబ్బతింది. దానికి వెడల్పాటి వాషరు చాలని డిపో ఆయన, దూలానికి ఆ చోట అతుకు వేయించాల్సిందేనని అద్దాలాయన చెవులు చిల్లులు పడేలా అరుచుకున్నారు. అమ్మాయి వచ్చి చూసి, అతుకే వేయించింది. డిపో ఆయన మూతి ముడుచుకుని కాసేపు దూరంగా కూచుని, తర్వాత తనే వచ్చి పానా అందుకున్నాడు.

ఈసారి నీళ్ళలోకి దిగినప్పుడు ఎక్కడా చప్పుడు లేదు. ఒడ్డుకి రాగానే ఇద్దరూ మోకాళ్ళ మీద కూలబడి ప్రతి నట్టునీ మళ్ళీ తడిమి చూశారు. ఒక్కటే వెంట్రుకవాసి వదులైంది. దాన్ని బిగించడానికి ఎవరు పానా పట్టుకోవాలో తేలడానికి, ఆ నట్టు బిగించినంత సేపే పట్టింది.

ఆ ఎండాకాలం ఇద్దరూ అమ్మాయి దగ్గర పడవ నడపడం నేర్చుకున్నారు. ముందు ఈత నేర్చుకుంటేనే అని ఆమె షరతు పెట్టింది. పిల్లలతో పాటు కొలనులో చెక్కపలక పట్టుకుని కాళ్ళు కొట్టారు. తర్వాత అద్దాలాయన చుక్కాని పట్టాడు, డిపో ఆయన తెరచాప తాడు పట్టాడు. గాలి ఏ వైపు నుంచి వస్తోందన్నది కూడా వాళ్ళకి ఒక్క మాట మీద తేలదు. పాయలో చేపలు పట్టేవాళ్ళకి వాళ్ళు కనిపించేకన్నా ముందే వినిపిస్తారు.

ఒక సెలవు రోజు పొద్దున అబ్బాయి లైఫ్ జాకెట్ తొడుక్కుని, భార్య పక్కన ఇసుకలో కూచున్నాడు. అప్పటికే చాలాసేపయింది.

"పడవ మనదే కదా?" అన్నాడు.

"మనదే."

"మరి మనమెప్పుడు ఎక్కుతాం?"

అమ్మాయి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళకేసి చూసింది. తెల్లటి తెరచాప అప్పుడే ఇసుకమేట చుట్టి ఇటు తిరిగింది. "ఎడమకి, ఎడమకి, నీ ఎడమ కాదు బావా, పడవకి ఎడమ!" అన్న కేక గాలి మీద తేలి వచ్చింది. ఆమె ఫ్లాస్కు మూత తిప్పి, అబ్బాయికి కాఫీ పోసిచ్చి, తనూ పోసుకుని, ఇసుకలో ఇంకాస్త హాయిగా వెనక్కి వాలింది.